ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలదెందుకు? బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో ఫైరింగ్ పిన్, ప్రైమర్ సమస్యలు

సంక్షిప్తంగా: రైఫిల్ 'క్లిక్'మని ఊరుకుంటే తప్పు తూటాదేనని అనుకోవడం పరిపాటి. కానీ స్ప్రింగ్‌లో దాచిన శక్తి ప్రైమర్‌ను (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న గిన్నెను) చేరేలోపే దారిలో ఖర్చయిపోయినా ఫలితం అలాగే ఉంటుంది. ఎండి బంకలా మారిన నూనె, పూర్తిగా మూసుకోని బోల్ట్, చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో) తూటాకు దొరికిన అదనపు చోటు, గూటిలో సరిగ్గా కూర్చోని ప్రైమర్... బయటికి వినిపించేది ఒకే చప్పుడు. కారణం తేలాలంటే ముందు చూడాల్సింది పేలకుండా మిగిలిన తూటాను.

2019 ఆగస్టు 21న బిహార్‌లోని సుపౌల్ జిల్లాలో మాజీ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రాకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. గౌరవ వందనంగా గాల్లోకి కాల్చాల్సిన 22 పోలీసు రైఫిళ్ళలో ఒక్కటి కూడా పేలలేదు. ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ ఎదుటే జరిగిన ఈ ఘటన అప్పట్లో దేశమంతటా వార్త అయింది. తుపాకులు పాతబడ్డాయని కొందరు, తూటాలు చెడిపోయాయని కొందరు అన్నారు.

రిపేరు తెలిసినవారు ఇలాంటి చోట మొదట వేసే ప్రశ్న వేరుగా ఉంటుంది: విఫలమైన వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటి? ఒక రైఫిల్‌లో స్ప్రింగ్ బలహీనపడవచ్చు, ఇంకోదాంట్లో పిన్ మొన అరిగిపోవచ్చు. 22 రైఫిళ్ళలో వేర్వేరు లోపాలు ఒకే నిమిషంలో బయటపడటం మాత్రం అరుదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉండగలిగేవి కొన్నే: ఒకే పెట్టెలోంచి వచ్చిన తూటాలు, ఒకే గదిలో ఒకే తీరులో సాగిన నిల్వ, ఒకే చేతి మీద జరిగిన నిర్వహణ. ఒంటరి రైఫిల్ మొరాయించినప్పుడు పనికొచ్చేది కూడా ఇదే ప్రశ్న. అయితే దాన్ని తిప్పి అడగాలి. తూటాలు మార్చినా లోపం ఆగకపోతే, ఉమ్మడిగా మిగిలేది రైఫిలే.

క్లిక్ వెనక జరిగే పని

బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో పేలుడుకు కావాల్సిన శక్తి అంతా ఒక చుట్టల స్ప్రింగ్‌లోంచి వస్తుంది. చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్ అనే ఉక్కు గొట్టం లోపల ఈ స్ప్రింగ్, దాని నడుమ ఫైరింగ్ పిన్ ఉంటాయి. బోల్ట్‌ను ఆడించినప్పుడు స్ప్రింగ్ ముడుచుకుంటుంది, పిన్ వెనక భాగం సియర్ అనే కొక్కేనికి తగులుకుని ఆగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే ఆ కొక్కెం జారుతుంది. పిన్ ముందుకు దూసుకెళ్ళి, బోల్ట్ ముఖంలోని సన్నని రంధ్రంలోంచి మొన చాచి తూటా అడుగున ఉన్న ప్రైమర్‌ను కొడుతుంది.

ప్రైమర్ చూడటానికి చిన్న లోహపు గిన్నె. రైఫిల్ తూటాల్లో సాధారణంగా వాడే పెద్ద సైజు ప్రైమర్ వ్యాసం సుమారు 5.3 మిల్లీమీటర్లే. గిన్నె లోపలి మిశ్రమం దెబ్బకు అంటుకునే రకం. పిన్ కొట్టినప్పుడు గిన్నె లోపలికి నొక్కుకుని, దానికి ఎదురుగా దిమ్మెలా నిలబడే యాన్విల్ అనే భాగానికీ గిన్నెకూ మధ్య మిశ్రమం నలుగుతుంది. అలా పుట్టిన నిప్పు చిన్న రంధ్రంలోంచి పోయి లోపలి మందును అంటిస్తుంది. బాక్సర్ రకం ప్రైమర్‌లో యాన్విల్ ప్రైమర్‌లోనే ఉంటుంది, నిప్పు పోయే రంధ్రం ఒకటే. బెర్డాన్ రకంలో యాన్విల్ తూటా కేసులోనే (మందును పట్టి ఉంచే ఇత్తడి తొడుగులోనే) మలచి ఉంటుంది, రంధ్రాలు సాధారణంగా రెండు. బాక్సర్ బ్రిటిష్ సైన్యాధికారి, బెర్డాన్ అమెరికన్. అయినా అమెరికాలో బాక్సర్ రకం, బ్రిటిష్ సైనిక తూటాల్లో బెర్డాన్ రకం స్థిరపడటం విశేషం.

ఇక్కడ కీలకం 'నలగడం' అనే మాట. పిన్ మొన ప్రైమర్‌ను తాకితే చాలదు. తగినంత వేగంతో, తగినంత లోతుకు, నడుమ భాగంలో కొట్టాలి. ఆ దెబ్బ తగిలే క్షణంలో ప్రైమర్, తూటా రెండూ కదలకుండా గట్టిగా నిలిచి ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మిశ్రమం నలగదు, లేదా సగమే నలుగుతుంది. కింద చెప్పే లోపాలన్నీ ఏదో రకంగా దీని దగ్గరికే వస్తాయి.

పేలనప్పుడు ముందు చేయాల్సింది

కారణం వెతకడానికి ముందు ప్రాణం సంగతి చూడాలి. ట్రిగ్గర్ నొక్కాక పేలని తూటా మూడు రకాల్లో ఒకటి కావచ్చు. అసలు అంటుకోనిది మిస్‌ఫైర్. ప్రైమర్ అంటుకుని, మందు ఆలస్యంగా రాజుకునేది హ్యాంగ్‌ఫైర్. ప్రైమర్ పేలినా మందు సరిగా కాలక, బుల్లెట్ (తూటాలోంచి దూసుకెళ్ళాల్సిన ముందు భాగం) రైఫిల్ గొట్టంలోనే, అంటే బ్యారెల్‌లోనే ఇరుక్కుపోయేది స్క్విబ్. మొదటి క్షణాల్లో వీటిని విడదీసి గుర్తుపట్టడం కుదరదు.

అందుకే క్లిక్ వినగానే బోల్ట్ తెరవకూడదు. గొట్టం మూతిని సురక్షితమైన దిక్కుకే ఉంచి, కనీసం 30 సెకన్లు ఆగాలన్నది షూటింగ్ రేంజ్‌ల్లో సాధారణంగా పాటించే నియమం. హ్యాంగ్‌ఫైర్‌లో ఆలస్యం చాలావరకు సెకనులో కొంత భాగమే ఉంటుంది. కానీ ఆ కొంచెం సమయంలోనే చేయి బోల్ట్ హ్యాండిల్ మీదికి వెళ్తుంది. బోల్ట్ లాక్ విడిపోయాక తూటా పేలితే ఇత్తడి ముక్కలు, మండే వాయువులు ముఖం మీదికే వస్తాయి. ఆగిన తరువాత కూడా ముఖాన్ని, చేతిని తూటా బయటపడే దారికి అడ్డం లేకుండా ఉంచే తెరవాలి.

మామూలు మోత బదులు 'తుస్'మన్న బలహీనమైన శబ్దం వచ్చిందంటే రెండో తూటా పెట్టే ఆలోచనే చేయకూడదు. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, గొట్టంలో అడ్డం లేదని కళ్ళతో చూసి తేల్చుకోవాలి. గొట్టంలో ఒక బుల్లెట్ ఇరుక్కుని ఉండగా వెనక నుంచి ఇంకోటి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది.

లీ ఎన్‌ఫీల్డ్, మౌజర్: రెండు దారులు

మన దేశంలో 'త్రీ నాట్ త్రీ' అని పేరుపడ్డ పోలీసు రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ కుటుంబానికి చెందినది. .303 తూటాను బ్రిటిష్ సైన్యం 1888లో స్వీకరించింది. జర్మనీ 1898లో తీసుకున్న మౌజర్ రైఫిల్ ఇంకో పెద్ద కుటుంబానికి మూలం. నేటి వేట రైఫిళ్ళు చాలావరకు ఆ నమూనాకు వారసులే. నిప్పు పుట్టించే విషయంలో ఈ రెండిటి తేడాలు తెలిస్తే లోపం వెతకడం తేలికవుతుంది.

మౌజర్ 98లో బోల్ట్ హ్యాండిల్ పైకెత్తేటప్పుడే స్ప్రింగ్ ముడుచుకుంటుంది. లీ ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ను ముందుకు తోసి మూసేటప్పుడు ముడుచుకుంటుంది. కాబట్టి లీ ఎన్‌ఫీల్డ్‌లో స్ప్రింగ్ నీరసపడితే చివరి అంగుళంలో చేతికి తగిలే బిగువు తగ్గుతుంది. ఏళ్ళ తరబడి అదే రైఫిల్ వాడినవారు దాన్ని చేత్తోనే పసిగట్టగలరు. దీనికి ఇంకో వైపు కూడా ఉంది: బిగువు ఎక్కువగా ఉందని హ్యాండిల్‌ను సగంలో వదిలేసేవారు కూడా ఉంటారు.

మరో తేడా ప్రమాదవేళ పనికొచ్చేది. లీ ఎన్‌ఫీల్డ్‌లో పిన్ వెనక బిగించిన కాకింగ్ పీస్ బయటికి కనిపిస్తుంది. దాన్ని వేళ్ళతో వెనక్కి లాగి, బోల్ట్ లాక్ తెరవకుండానే రెండోసారి కొట్టించవచ్చు. మౌజర్‌లో ఆ వీలు లేదు. స్ప్రింగ్ మళ్ళీ ముడుచుకోవాలంటే హ్యాండిల్ ఎత్తాలి, అంటే లాక్ విప్పాలి. హ్యాంగ్‌ఫైర్ అయ్యే అవకాశం ఉన్నప్పుడు ఇది చిన్న తేడా కాదు.

మౌజర్‌కు దాని బలం దానికుంది. బోల్ట్ పూర్తిగా లాక్ కానిదే పిన్ ప్రైమర్‌ను చేరకుండా, పిన్ మీద ఉన్న భుజాలు బోల్ట్ లోపలి మెట్లకు తగిలి ఆగుతాయి. పిన్ విరిగినా ఈ రక్షణ పనిచేసేలా అమర్చారు. ప్రైమర్ చిల్లుపడి వాయువు బోల్ట్‌లోకి వస్తే పక్కకు పోవడానికి రంధ్రాలు, కాల్చేవాడి ముఖం వైపు రాకుండా వెనక వెడల్పాటి అంచు కూడా ఉన్నాయి.

దెబ్బ బలం ఎక్కడ పోతుంది

రైఫిల్ వైపు లోపాల్లో మొదట అనుమానించాల్సింది నూనెను. తుపాకీకి నూనె ఎంత పోస్తే అంత మేలన్న నమ్మకం బలంగా ఉంది. బోల్ట్ లోపలికి వెళ్ళిన నూనె కాలం గడిచేకొద్దీ దుమ్మును, మందు మసిని, లోహపు పొడిని పట్టుకుని ఎండిపోతుంది. చివరికి పసుపుపచ్చని జిగురు పొరలా స్ప్రింగ్ చుట్టల మధ్య అతుక్కుంటుంది. బోల్ట్ బయటికి నిగనిగలాడుతుంటుంది, లోపల పిన్ మాత్రం బెల్లంపాకంలో ఈదుతున్నట్టు కదులుతుంది. వేగం సగానికి పడితే దెబ్బ శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. కంటికి కనిపించనంత చిన్న ఆటంకం కూడా క్లిక్‌గా ముగియడం వెనక ఉన్న లెక్క ఇదే.

చలి ఈ సమస్యను పెంచుతుంది. ఆంధ్ర, తెలంగాణ వాతావరణంలో బాగానే పేలే రైఫిల్, దట్టమైన గ్రీజుతో హిమాలయాలకు వెళ్తే మొరాయించవచ్చు. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో నవంబరు నెల జింకల వేటకు వెళ్ళే తెలుగువారికీ ఇది వర్తిస్తుంది. ముందు రోజు రేంజ్‌లో పేలిన రైఫిల్ తెల్లవారుజామున క్లిక్‌మంటే మొదట చూడాల్సింది బోల్ట్ లోపలి గ్రీజునే. పరిష్కారం కూడా ఖర్చులేనిదే. బోల్ట్ విప్పి, లోపలి భాగాలను ద్రావకంతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తుప్పు పట్టకుండా సరిపడే పలుచని పొర మాత్రమే ఉంచాలి. కొత్త స్ప్రింగ్ కొనే ముందు ఈ పని చేయకపోవడం చాలామంది చేసే పొరపాటు. స్ప్రింగ్ మార్చేందుకు బోల్ట్ విప్పినప్పుడు ఎలాగూ శుభ్రం చేస్తారు. రైఫిల్ బాగుపడితే ఆ ఘనత స్ప్రింగ్ ఖాతాలో పడుతుంది.

రెండో కారణం పూర్తిగా మూసుకోని బోల్ట్. హ్యాండిల్ కొద్దిగా పైకి ఉండగానే ట్రిగ్గర్ నొక్కితే పిన్ శక్తిలో కొంత బోల్ట్‌ను తిప్పి మూయడానికి ఖర్చవుతుంది. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో హ్యాండిల్ తనంతట తాను కిందికి కదలడం దీనికి గుర్తు. చాంబర్‌లో మురికి, కొలత మించిన తూటా, హ్యాండిల్ కాడ చెక్క స్టాక్‌కు తగలడం, తరువాత అమర్చిన స్కోప్ అడ్డుపడటం, ఏదైనా కారణం కావచ్చు. వర్షాకాలంలో చెక్క ఉబ్బి హ్యాండిల్ గాడి ఇరుకైతే, వేసవిలో లేని లోపం ఆషాఢం దాటాక మొదలవుతుంది. పిన్ వెనక భాగం చెక్కకో సేఫ్టీ మీటకో రాసుకుంటున్నా ఇదే జరుగుతుంది. రాసుకున్న చోట లోహం మెరుస్తూ కనిపిస్తుంది కాబట్టి దీన్ని పట్టుకోవడం కష్టం కాదు.

మూడోది పిన్ మొన ఎంత బయటికి వస్తుందన్నది. లీ ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్ ముఖం దాటి మొన సుమారు 1.02 నుంచి 1.27 మిల్లీమీటర్ల మధ్య పొడుచుకు రావాలి. తక్కువైతే దెబ్బ లోతు చాలదు, ఎక్కువైతే ప్రైమర్ చిల్లుపడుతుంది. ఈ రైఫిల్లో పిన్ మరలతో కాకింగ్ పీస్‌లోకి బిగుస్తుంది, దాన్ని కదలకుండా పట్టేది ఒక చిన్న స్క్రూ. శుభ్రం చేసేందుకు విప్పి, తిరిగి బిగించేటప్పుడు ఒక్క చుట్టు తేడా వచ్చినా మొన కొలత మారిపోతుంది. 'సర్వీసింగ్ చేయించాకే పాడైంది' అనే ఫిర్యాదుల్లో ఈ అవకాశాన్ని తప్పక చూడాలి. మొన గుండ్రంగా, నున్నగా ఉండాలి. అరిగి చదునైనదీ, తుప్పుతో గుంటలు పడినదీ రెండూ పనికిరావు.

హెడ్‌స్పేస్: తప్పించుకునే తూటా

ఎక్కువమందిని అయోమయపెట్టే కారణం ఇది. తూటా చాంబర్‌లోకి వెళ్ళి ఒకచోట ఆగుతుంది. ఆ ఆగే చోటుకూ బోల్ట్ ముఖానికీ మధ్య దూరమే హెడ్‌స్పేస్. .303 తూటా అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, తూటా ఆ అంచు మీదే ఆగుతుంది. సైనిక లెక్క ప్రకారం ఈ దూరం 1.63 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 1.88 మిల్లీమీటర్లకు మించకూడదు. అంచు లేని ఆధునిక తూటాలు భుజం మీద, అంటే కేసు మెడ దగ్గర సన్నబడే వాలు మీద ఆగుతాయి.

ఈ దూరం పెరిగితే తూటా చాంబర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే వీలు దొరుకుతుంది. పిన్ కొట్టినప్పుడు ప్రైమర్ నలగడానికి బదులు తూటా మొత్తం ముందుకు జరుగుతుంది. దెబ్బలో కొంత ఆ జరగడానికే పోతుంది. పిన్ చేరాల్సిన దూరమూ పెరుగుతుంది. పిన్ బాగుంది, స్ప్రింగ్ బాగుంది, ప్రైమర్ బాగుంది, అయినా పేలదు.

లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిల్‌లో దీన్ని సరిచేయడానికి 0 నుంచి 3 వరకు నంబర్లు వేసిన బోల్ట్ హెడ్‌లు తయారుచేశారు. నంబర్ పెరిగేకొద్దీ పొడవు పెరుగుతుంది. ఒక రైఫిల్ బోల్ట్‌ను ఇంకో రైఫిల్‌లో పెట్టి నడిపించే అలవాటు ఉన్న చోట ఈ లెక్క తప్పిపోతుంది. ఆయుధాగారంలో పది రైఫిళ్ళ బోల్ట్‌లు ఒకేసారి కడిగి, నంబరు చూడకుండా తిరిగి పెట్టేస్తే అన్నీ మూసుకుంటాయి, చూపుకు అన్నీ బాగానే ఉంటాయి. కొలత మాత్రం ఏది ఎక్కడ తప్పిందో గేజ్ పెట్టి చూసేదాకా తెలియదు. బోల్ట్ మీదా బాడీ మీదా ఒకే నంబరు కొట్టడం వెనక ఉద్దేశం ఇదే.

అంచు లేని తూటాల్లో ఈ సమస్య ఇంకో దారిన వస్తుంది. అమెరికా వంటి దేశాల్లో వాడిన కేసుల్లో మళ్ళీ మందు నింపుకునేవారు, వాటిని పాత కొలతకు తెచ్చే క్రమంలో భుజాన్ని మరీ వెనక్కి నొక్కేస్తే, రైఫిల్ కొలత సరిగా ఉన్నా తూటా పొట్టిగా మారుతుంది. ఫలితం అదే. కొన్న తూటాలు పేలుతూ, ఇంట్లో నింపినవే పేలడంలేదంటే చూపు ఇటే పోవాలి.

హెడ్‌స్పేస్ లోపాన్ని పిన్ పొడవు పెంచి కప్పిపుచ్చకూడదు. క్లిక్ ఆగిపోతుంది, ప్రమాదం అలాగే మిగిలిపోతుంది. కాల్చిన ఖాళీ కేసు అడుగుకు కాస్త పైన, చుట్టూ మెరిసే గీత కనిపిస్తోందంటే ఇత్తడి అక్కడ సాగి పలుచబడుతోందని అర్థం. ఒకరోజు అది అక్కడే తెగుతుంది.

ప్రైమర్ వైపు లోపాలు

ప్రైమర్ దాని గూట్లో అడుగు వరకు దిగాలి. పైకి తేలి ఉంటే పిన్ మొదటి దెబ్బ దాన్ని లోపలికి తోయడానికే సరిపోతుంది. రెండోసారి కొడితే పేలుతుంది. 'రెండో దెబ్బకు పేలుతోంది' అన్న లక్షణం వినగానే అనుభవజ్ఞులు మొదట ఇదే అనుకుంటారు. కారణం ఇదొక్కటే కాదు. బలహీనమైన దెబ్బ రెండుసార్లు పడినా కొన్నిసార్లు పేలుతుంది. అందుకే కాల్చని తూటాల అడుగును వేలితో తడిమి చూడాలి. ప్రైమర్ కేసు అడుగుతో సమంగానో, కొద్దిగా లోపలికో ఉండాలి. గోటికి ఎత్తుగా తగిలితే ఆ తూటాలను పక్కన పెట్టాలి.

తేమ, నూనె ప్రైమర్‌కు శత్రువులు. తుప్పు వదిలించే పలుచని నూనెలు సన్నని సందుల్లోకి పాకేలా తయారైనవి. వాటిని తూటాల మీద చల్లితే ప్రైమర్ సందులోంచి లోపలికి చేరి మిశ్రమాన్ని చెడగొట్టగలవు. చాంబర్‌లో నూనె కారుతుండగా తూటా పెట్టి నెలల తరబడి అలాగే ఉంచడమూ అలాంటిదే. విశాఖ, మచిలీపట్నం వంటి తీర ప్రాంతాల్లో ఉప్పు గాలి, తేమ కలిసి ఇత్తడి మీద పచ్చని చిలుము పట్టిస్తాయి. ప్రైమర్ చుట్టూ చిలుము కనిపించే తూటాను తుడిచి వాడేయడం మంచిది కాదు. అది లోపలికి ఎంతవరకు పోయిందో పైనుంచి కనిపించదు.

పాత సైనిక తూటాలకు ఇంకో లక్షణం ఉంది. వాటి ప్రైమర్‌లో పొటాషియం క్లోరేట్ వాడేవారు. అది కాలాక మిగిలే ఉప్పు గాలిలోని తేమను లాక్కుని ఉక్కును తినేస్తుంది. గొట్టం కడిగినవారు కూడా బోల్ట్ ముఖాన్ని మరిచిపోతుంటారు. పిన్ రంధ్రం అంచు తుప్పుతో పెద్దదైతే ప్రైమర్ లోహం అందులోకి ఉబ్బి చిల్లుపడే అవకాశం పెరుగుతుంది. ఈ ఉప్పు నూనెకు కరగదు, నీటికే కరుగుతుంది. త్రీ నాట్ త్రీ కాలంలో సైనికులు గొట్టంలో మరిగే నీళ్ళు పోయడానికి కారణం ఇదే. తరువాత వచ్చిన లెడ్ స్టిఫ్నేట్ మిశ్రమాల్లో ఈ బాధ లేదు.

గుంటను చదవడం

పిన్ ప్రైమర్ మీద వదిలిన గుంటలో చాలా సమాచారం ఉంటుంది. గుంటే లేకపోతే పిన్ విరిగిందో, ఇరుక్కుందో, చాంబర్‌లో తూటాయే లేదో అని అర్థం. గుంట పక్కకు పడితే బోల్ట్, చాంబర్ ఒక వరుసలో లేవని అనుమానించాలి. కొంచెం పక్కకు పడినా సాధారణంగా పేలుతుంది. యాన్విల్ ఉండేది నడుమనే కాబట్టి దూరం పెరిగేకొద్దీ విఫలమయ్యే అవకాశం పెరుగుతుంది. గుంట లోతుగా, నడుమనే ఉండి కూడా పేలలేదంటే వేలు ప్రైమర్ వైపు తిరుగుతుంది.

లోతు తక్కువగా ఉన్న గుంటతోనే పొరపాట్లు జరిగేది. పేలని తూటా గుంటను, పేలిన ఖాళీ కేసు గుంటతో పోల్చి 'దెబ్బ చాల్లేదు' అని తేల్చేస్తుంటారు. ఆ పోలిక సరైనది కాదు. తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి ప్రైమర్ లోహాన్ని వెనక్కి, పిన్ మొన చుట్టూ, బోల్ట్ ముఖానికి అదిమి కొత్త ఆకారం ఇస్తుంది. పేలని తూటాలో ఆ ఒత్తిడే పుట్టలేదు. కాబట్టి ఒకే బలంతో పడిన రెండు దెబ్బలు కూడా వేర్వేరుగా కనిపిస్తాయి. బాగా పేలే ఇంకో రైఫిల్లో పేలకుండా పోయిన తూటా ఉంటే దానితో పోల్చడం మేలు. అది దొరకనప్పుడు కనీసం ఒకే రైఫిల్లో పేలని తూటాలన్నిటినీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. గుంటలన్నీ ఒకేలా తేలికగా ఉంటే స్ప్రింగ్, మొన పొడవు, హెడ్‌స్పేస్ చూడాలి. ఒకటి లోతుగా, ఒకటి తేలికగా, ఇలా ఒక పద్ధతి లేకుండా ఉంటే బోల్ట్ లోపల మురికి గానీ రాపిడి గానీ ఉండటమే ఎక్కువగా కుదురుతుంది.

లోపం ఏ వైపు ఉందో తేల్చే క్రమం

ముందు ఖర్చులేని పరీక్షలు, తరువాతే విడిభాగాలు. అదే తూటా సేఫ్టీ నిబంధనలు పాటిస్తూ రెండోసారి కొడితే పేలిందా? వేరే కంపెనీ, వేరే బ్యాచ్ తూటాలు ఇదే రైఫిల్లో ఎలా పేలుతున్నాయి? ఇదే బ్యాచ్ తూటాలు అదే క్యాలిబర్‌కు చెందిన ఇంకో రైఫిల్లో ఎలా ఉన్నాయి? ఈ మూడు జవాబులతో లోపం రైఫిల్‌దా తూటాదా అన్నది చాలావరకు తేలిపోతుంది. రైఫిల్ వైపు అని తేలితే బోల్ట్ కడిగి మళ్ళీ చూడాలి. అప్పటికీ మారకపోతే మొన పొడవు, హెడ్‌స్పేస్ గేజ్‌తో కొలిపించాలి. స్ప్రింగ్ మార్పు ఆ తరువాతే.

ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. కొత్త స్ప్రింగ్ వేసి, కొత్త తూటాలూ కొన్నవారికి రైఫిల్ పేలుతుంది గానీ కారణం తెలియదు. మిగిలిపోయిన పాత తూటాలు మంచివో చెడ్డవో కూడా తెలియదు.

రైఫిల్‌లో చేసిన మార్పులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ట్రిగ్గర్ తేలిక చేయించాలని, బోల్ట్ నునుపుగా ఆడాలని స్ప్రింగ్ చుట్టలు కత్తిరించడం, తేలికపాటి లోహపు పిన్ వేయడం కొన్ని దేశాల్లో మామూలే. తేలికైన పిన్ త్వరగా కదులుతుంది, కానీ మోసుకెళ్ళే బలం తగ్గే అవకాశం ఉంటుంది. అలాంటి రైఫిల్ మెత్తని గిన్నె ఉన్న ప్రైమర్లతో బాగా పనిచేసి, గట్టి గిన్నె ఉన్న సైనిక తరహా తూటాలతో మొరాయిస్తుంది. తప్పు తూటాది కాదు, రైఫిల్‌దీ కాదు, ఆ రెండిటి జోడీది.

.22 రైఫిల్ సంగతి వేరు

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుశాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిల్ పోటీలో వాడేది .22 రిమ్‌ఫైర్ తూటా. దీనికి విడిగా ప్రైమర్ ఉండదు. నిప్పు పుట్టించే మిశ్రమం కేసు అంచు మడత లోపల చుట్టూ పరచి ఉంటుంది. అంచులో ఒకచోట మిశ్రమం పలుచబడితే, పిన్ సరిగ్గా అక్కడ కొడితే, తూటా పేలదు. తూటాను కొంచెం తిప్పి మళ్ళీ పెడితే పేలిందంటే పిన్‌ది తప్పు కాదని తేలిపోతుంది. తిప్పినా పేలకపోతే, అన్ని తూటాల మీదా గుంట తేలికగా ఉంటే, చాంబర్ అంచును చూడాలి. పిన్ రూపకల్పన అందుకు తగినట్టు లేని పాత .22 రైఫిళ్ళను తూటా లేకుండా పదేపదే కాలిస్తే, మొన చాంబర్ అంచుకే తగిలి అక్కడ గుంట పడుతుంది. తరువాత తూటా అంచు ఆనే గట్టి చోటు ఉండదు. సాధన కోసం ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే కొత్త షూటర్లు తమ రైఫిల్‌కు అది తగునో కాదో ముందే తెలుసుకోవాలి.

ఇక్కడి పరిస్థితి

భారత్‌లో .303 పౌరులకు నిషిద్ధ క్యాలిబర్. లైసెన్సుదారుల చేతిలో ఎక్కువగా కనిపించే బోల్ట్ యాక్షన్ .315 స్పోర్టింగ్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ ధోరణిలోనే దీన్ని తయారుచేసింది. 1960వ దశకంలో అదే ఫ్యాక్టరీ 7.62 తూటాకు సరిపోయేలా 2ఏ, 2ఏ1 రైఫిళ్ళను కూడా చేసింది. అందుకే లీ ఎన్‌ఫీల్డ్ గురించి పైన చెప్పిన చాలా అంశాలు .315కూ పనికొస్తాయి. కొలతల అంకెలు మాత్రం యథాతథంగా వాడకూడదు, ఎందుకంటే తూటా వేరు.

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలను పోలీసు స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో జమ చేయడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మామూలే. నూనె రాసి అప్పగించిన రైఫిల్ నెలల తరువాత తిరిగి వచ్చేసరికి లోపలి నూనె చిక్కబడి ఉంటుంది. తిరిగి తెచ్చుకోగానే బోల్ట్ లోపల శుభ్రం చేయించాలి, వాడే ముందు చాంబర్ పొడిగా తుడవాలి. జమ చేసేటప్పుడే తూటాల పెట్టె మీది బ్యాచ్ నంబరు రాసి పెట్టుకుంటే తరువాత పోలికకు పనికొస్తుంది.

మామూలు శుభ్రత దాటి పిన్ మార్చడం, హెడ్‌స్పేస్ సరిచేయడం వంటి పనులకు లైసెన్సున్న ఆర్మ్స్ డీలర్ లేదా రిపేరర్ దగ్గరికే వెళ్ళాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకుల మరమ్మతు వృత్తికి కూడా లైసెన్సు తప్పనిసరి. వెళ్ళేటప్పుడు రైఫిల్‌తో పాటు పేలని తూటాలను, అదే పెట్టెలోంచి పేలిన ఖాళీ కేసులను, రెండిటినీ వేర్వేరుగా సంచుల్లో పెట్టి తీసుకెళ్ళాలి. ఎన్ని కాలిస్తే ఎన్ని పేలలేదు, రెండో దెబ్బకు ఎన్ని పేలాయి, ఆరోజు హ్యాండిల్ దానంతటది కదిలిందా అన్నవి చీటీ మీద రాసి ఇస్తే రిపేరర్‌కు సగం పని తగ్గుతుంది.

ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవంతో .303కు వీడ్కోలు పలికారు. ఇతర చోట్ల కూడా వాటి స్థానంలో కొత్త రైఫిళ్ళు వస్తున్నాయి. వాడకం తగ్గేకొద్దీ విడిభాగాలు, గేజ్‌లు, ఆ పని తెలిసిన ఆర్మరర్లు తగ్గుతారు, నిల్వలో ఉన్న తూటాల వయసు పెరుగుతుంది. ఏడాదిలో ఒకటి రెండు సార్లు లాంఛనానికి మాత్రమే బయటికి తీసే రైఫిళ్ళ విషయంలో, కార్యక్రమానికి ముందే అదే బ్యాచ్ తూటాలు కొన్ని కాల్చి చూడటం పెద్ద ఖర్చు కాదు. తూటా బ్యాచ్‌లో లోపం ఉంటే అక్కడే తెలుస్తుంది. బ్యాచ్ బాగుండి రెండు మూడు రైఫిళ్ళే మొరాయిస్తే, వాటిని పక్కన పెట్టి బోల్ట్‌లు విప్పి చూసే వ్యవధి ఉంటుంది.